రేవు రాయి మీద లేని పేరు

ఆదివారం లోపల చేయాల్సినవి:

అందరి ఫోన్లలో గుడ్ మార్నింగ్ బొమ్మలు, పెళ్ళి వీడియోలు తుడిపించి ఆటకు చోటు చేయించాలి.

పాత ఆట తీసేసి కొత్తది ఎక్కించాలి. రంగవ్వ ఫోనులో నేనే ఎక్కించాలి. ఫోను ఏది అడిగినా ఆమె చదవకుండా సరే నొక్కేస్తుంది.

ఆట ఫొటో తీసి ఎవరికీ పంపొద్దని, బయట చెప్పొద్దని ఇంకోసారి చెప్పాలి.

తప్పు కనిపిస్తే తప్పని చెప్పమనాలి. "మంచిగుంది" అంటే ఊరుకోకూడదు.

ఉప్పు మూట సంగతి అమరేశన్న చేత టూల్ రూం తలుపు దగ్గర మళ్ళీ మళ్ళీ చేయించి, ఎప్పుడు అవుతుందో ఎప్పుడు కాదో రాసి పంపాలి.

రాయి మీద పడేది ఖాతా పేరే కాబట్టి, అందరి పేర్లు తప్పు లేకుండా ఉన్నాయో లేదో చూడాలి.

ఇందులో ఒక్క పని కూడా మేము వదలలేదు. చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాం. ఇప్పుడు ఇదంతా రాయాల్సి వచ్చింది కూడా అందుకే.

నా పేరు స్ఫూర్తి. మాది రాయచూరు దగ్గర దేవసూగూరు. మా నాన్న రామలింగయ్యకు బొగ్గు కరెంటు ప్లాంటు కాలనీకి పోయే దారిలో కిరాణా కొట్టుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా మొదట చదివింది నేనే. రాయచూరులో బి.సి.ఎ. చేసి వచ్చాక ఉద్యోగం కోసం చూస్తూ కొట్లో కూర్చునేదాన్ని. అప్పుడు పృథ్వి అన్న ఫోను చేశాడు. కాలేజీలో మాకు సీనియరు. బెంగళూరులో ఒక చిన్న గేమ్ కంపెనీలో చేరాడని తెలుసు. నా మొదటి సెమిస్టరులో ప్రోగ్రాం నడవక నేను ల్యాబులో ఏడుస్తుంటే, కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుని నేర్పించిన మనిషి. ఆయన అడిగితే కాదనే ఆలోచనే నాకు రాలేదు.

"స్ఫూర్తి, మేమొక ఆట తయారు చేస్తున్నాం. పేరు 'రేవు'. నది మీద నాలుగు రేవులుంటాయి. పడవల్లో ఉప్పు, బెల్లం, బట్టలు వేసుకుని ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పోవాలి. దారిలో ఒకరితో ఒకరు సరుకు మార్చుకోవచ్చు, దోచుకోవచ్చు కూడా. అందరూ ఒకేసారి ఆన్‌లైన్లో ఆడతారు."

"మంచిగుందన్నా."

"మంచిగుందని నాకు చెప్పేవాళ్ళు వద్దు. బాగాలేదని చెప్పేవాళ్ళు కావాలి. దాన్నే బీటా టెస్టింగ్ అంటారు."

తర్వాత వివరంగా చెప్పాడు. ఆట తయారు చేసినవాళ్ళు ఆఫీసులో మంచి ఫోన్లతో, మంచి నెట్‌వర్క్‌తో ఆడి చూసుకుంటారు. అక్కడ అన్నీ నడుస్తాయి. జనం ఆడేది అలా కాదు. పగిలిన ఫోన్లు, చోటు లేని ఫోన్లు, బస్సులో వస్తూ పోతూ ఉండే సిగ్నలు. అందుకని విడుదలకు ముందు బయటివాళ్ళను కొందరిని పిలిచి, వాళ్ళకు మాత్రమే ఆట తెరుచుకునేలా తాళంచెవిలాంటి కోడ్ ఇచ్చి ఆడిస్తారు. వాళ్ళు తప్పులు పట్టి రాస్తే, వీళ్ళు సరిచేసి కొత్త ఆట పంపుతారు. మళ్ళీ ఆడాలి, మళ్ళీ పట్టాలి. చివరికి ఒకరోజు అందరినీ ఒకేసారి ఎక్కించి, ఎంతమంది బరువుకు సర్వరు కూలుతుందో చూస్తారు. ఆ తర్వాతే విడుదల.

"బెంగళూరులో మాకు మంచి నెట్‌వర్క్ వాళ్ళే దొరుకుతున్నారు. నాకు మీ ఊరు కావాలి" అన్నాడు.

"జీతం ఉండదు" అని కూడా దాచకుండా చెప్పాడు. దానికి బదులు రెండు మాటలిచ్చాడు. మామూలుగా బీటా అయిపోగానే టెస్టర్లు ఆడినదంతా తుడిచేస్తారట. మా ఖాతాలు మాత్రం తుడవకుండా అలాగే ఉంచుతారు. ఇంకొకటి, ఆటలో మొదటి రేవు దగ్గర ఒక రాయి నిలబెడతారు. ఆటలోకి వచ్చే ప్రతివాళ్ళూ మొదట దాని ముందే పడవ ఎక్కాలి. ఆ రాయి మీద టెస్టర్ల పేర్లు చెక్కుతారు.

మా కొట్టుకు వచ్చేపోయేవాళ్ళను ఆడతారా అని అడిగాను. ఈ రెండో మాట విన్నాకే మా వాళ్ళు కదిలారు.

మా గుంపులో ముఖ్యమైనవాళ్ళు ఇద్దరు. ప్లాంటు గేటు ఎదురుగా మిర్చి బండి పెట్టే రంగవ్వ ఒకరు. ఇంకొకరు అమరేశప్ప. ప్లాంటులో మరమ్మతు పనులు చేసే ఒక కంట్రాక్టరు దగ్గర టూల్ రూం చూసుకునేవాడు. గేటు బయట రేకుల గది. పానాలు, గొలుసులు, డ్రిల్లు మిషన్లు అన్నీ అందులోనే. పొద్దున ఇచ్చి సాయంత్రం లెక్క చూసి తీసుకోవాలి. తాళంచెవి నడుముకు వేలాడుతూ ఉండేది. ఆ తాళంచెవి నమ్మకస్థుడికే ఇస్తారు. వాళ్ళ నాన్న దొడ్డప్ప ఆ సంగతి వచ్చేపోయే ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. అమరేశన్న ఇంట్లో కన్నడం, బజారులో మాతో తెలుగు. నన్ను చెల్లె అని పిలిచేవాడు.

మొదటి వారం మా గుంపు ఒక్క తప్పు కూడా పట్టలేదు. నేను మిర్చి బండి దగ్గరకు పోయి అడిగాను.

"రంగవ్వా, ఆట ఎట్లుంది?"

"శానా మంచిగుంది తల్లీ."

"పడవ ఎక్కడా ఆగలేదా?"

"ఆగింది. దినాం ఆగుతది. నీళ్ళల్ల నిలువునా మునుగుతది. మల్ల పైన వానలెక్క పడతది."

"మరి మంచిగుందంటవేంది?"

"పాపం, ఎవల పిల్లలో కష్టపడి చేసిండ్రు. ఒకరి వంటల ఉప్పు తక్కువైందని మొగం మీద అంటరా ఎక్కడన్న?"

"అనాలె రంగవ్వా. అననీకే నిన్ను తీసుకున్నం."

ఆమె జల్లిగరిటె పక్కన పెట్టి నన్ను చూసింది. "తిట్టుమంటవా? ముందే చెప్పొద్దా మరి!"

ఆ రోజు నుంచి ఆమెను ఆపడం నా వల్ల కాలేదు. పడవ రంగు పాచిలెక్క ఉందని, రేవు మెట్ల మీద మనిషి నడక పెయ్యదూడ నడకలెక్క ఉందని, దొంగ వచ్చే ముందు మోగే డప్పు అసలు డప్పే కాదని, అన్నీ చెప్పింది. పృథ్వి అన్న నేర్పిన పద్ధతిలో నేను రాసి పంపేదాన్ని. ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాల్సింది. ఈ మూడూ ఉంటేనే అది రిపోర్టు. లేకపోతే తిట్టు మాత్రమే.

ఖాతా పేర్ల దగ్గర మా వాళ్ళు చేసిన పని ఇక్కడే చెప్పాలి. అన్ని ఊళ్ళవాళ్ళూ ఆన్‌లైన్ ఆటల్లో బ్లాక్ టైగర్, నైట్ కింగ్ అని ఏదో ఒక పేరు పెట్టుకుంటారు. రాయి మీద చెక్కేది ఈ పేరే అని నేను చెప్పగానే మా వాళ్ళకు గుర్తుకొచ్చింది మా ఊరి సూగూరేశ్వరుడి గుడిలో చందా ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళు. అక్కడ ఎలా ఉంటుందో అలాగే ఫోనులో కొట్టారు. పేరు, తండ్రి పేరు, ఊరు.

అమరేశప్ప తండ్రి దొడ్డప్ప దేవసూగూరు.

"అంత పొడుగు అవసరం లేదన్నా" అన్నాను.

"అమరేశప్ప అంటే ఈ జిల్లాల ఎంతమంది ఉన్నరో ఎరికేనా చెల్లె? రాయి మీద ఎవడో ఒక అమరేశప్ప అయితే నాకేం ఫాయిదా? మా అప్ప పేరు కూడ ఉండాలె."

రంగవ్వను భర్త పేరు వేయాలా అని అడిగాను. "ఆయనేమన్న ఆడుతున్నడా, ఆయన పేరెందుకు?" అని "రంగవ్వ మిర్చి బండి దేవసూగూరు" అని పెట్టించుకుంది.

ఉప్పు మూట సంగతి బయటపడింది అమరేశన్న దగ్గరే. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆడేవాడు. ఒకరోజు తన పడవలోని ఉప్పు మూట రంగవ్వ పడవకు ఇచ్చి, ఎవరో పానా తిరిగి ఇస్తే పెట్టడానికి ఫోనుతోనే టూల్ రూం లోపలికి పోయాడు. చుట్టూ రేకులు. లోపలికి అడుగు పెడితే సిగ్నలు పోతుంది, బయటికి వస్తే వస్తుంది. బయటికి వచ్చి చూస్తే, మూట రంగవ్వ పడవలోనూ ఉంది, తన పడవలోనూ ఉంది.

వేరేవాళ్ళయితే ఎగిరి గంతేసేవాళ్ళు. ఉప్పు అమ్ముకుని పెద్ద పడవ కొనేవాళ్ళు. అమరేశన్న పరేషాన్ అయ్యాడు. ఇచ్చేసిన మూట తన దగ్గర ఉండకూడదని, ఆ రెండో మూట కూడా రంగవ్వకే ఇవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే ఇంకొకరు గొలుసు అడిగారు. మళ్ళీ లోపలికి పోయి బయటికి వచ్చాడు. ఇచ్చిన మూట ఇచ్చినట్టే ఉంది, తన మూట తన దగ్గరే ఉంది. ఇవ్వాలని చూసిన ప్రతిసారీ ఎవరో ఒకరు సామాను అడగడం, లోపలికి పోయి రావడం, ఇంతే. మా కొట్టుకు పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లె, ఎంత ఇచ్చినా ఇంకుతలే. రంగవ్వ పడవ మునిగేటట్టుంది. ఇచ్చినాక ఇచ్చిన చెయ్యి ఖాళీ కావాలె గదా? కాతలేదు."

నేను ఆ మాటనే రిపోర్టులో రాశాను. ఇచ్చిన చెయ్యి ఖాళీ కావాలి, కావడం లేదు.

పృథ్వి అన్న వెంటనే ఫోను చేశాడు. "స్ఫూర్తి, ఇది బంగారం! కానీ ఒకసారి జరిగితే నమ్మరు. మళ్ళీ మళ్ళీ చేయించు. ఇచ్చాను అని నొక్కిన తర్వాత పోవాలా, ముందే పోవాలా? బెల్లానికి కూడా అవుతుందా? నీళ్ళ మధ్యలో అవుతుందా, రేవులోనా? అన్నీ కావాలి. భయపడకుండా చేయమను, అది మీ పనే."

"మూటలు శానా పోగైతయన్నా."

"కానివ్వు. పోగైతేనే మాకు తెలిసేది."

అమరేశన్నకు ఇష్టం లేదు. "నాది కాని సరుకు నా పడవల ఎట్ల ఉంచుకోవాలె?" అన్నాడు. అది టెస్టింగు, దొంగతనం కాదు, కంపెనీవాళ్ళే చేయమంటున్నారని చెప్పాను. చదువుకున్నదానివి నువ్వు చెప్తున్నవు గదా అని ఒప్పుకున్నాడు. గడప మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, బండి దగ్గరున్న రంగవ్వకు మూటలు ఇస్తూ పోయాడు. ఉప్పు, బెల్లం, బట్టలు. ఎప్పుడు అవుతుందో చివరికి తేలింది. ఇచ్చేవాడు ఇచ్చాను అని నొక్కిన తర్వాత, తీసుకునేవాళ్ళు తీసుకున్నాను అని నొక్కేలోపల, ఇచ్చేవాడి సిగ్నలు పోవాలి. అంతే. రాసి పంపాను. పృథ్వి అన్న దండం బొమ్మ పంపాడు. "మీ ఊరు లేకపోతే మాకు ఇది తెలిసేదే కాదు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరం ఒకేసారి ఎక్కాం. ఎక్కడెక్కడి టెస్టర్లో వచ్చారు. నది కనబడనంత పడవలు. కాసేపటికి అన్నీ నిలబడిపోయి, ఆట మొత్తం నల్లగా అయిపోయింది. "కూలింది, కూలింది!" అని రంగవ్వ బండి దగ్గర చప్పట్లు కొట్టింది. బజ్జీలు కొంటున్నవాళ్ళు ప్లాంటులో ఏదో కూలిందనుకుని చిమ్నీల వైపు చూశారు.

ఆ సాయంత్రంతో బీటా ముగిసింది. మేం రిపోర్టులు రాసే వెబ్‌సైటు మూసేశారు. అది మామూలే అన్నాడు పృథ్వి అన్న.

ఆట విడుదలైన మరుసటి రోజు, అందరికీ తీరిక దొరికాక, మా కొట్టు ముందు చేరాం. నాన్న అందరికీ టీ చెప్పాడు. దొడ్డప్ప కూడా శుభ్రమైన పంచె కట్టుకుని వచ్చాడు, కొడుకు పక్కన తన పేరు చూసుకోవడానికి. నేను ఆట తెరిచాను. మొదటి రేవు వచ్చింది. రాయి ఉంది. నిజంగానే చక్కగా చేశారు, నల్లరాయి, అంచున చిన్న పూలు. దాని మీద పేర్లున్నాయి. కంపెనీవాళ్ళ పేర్లు. పృథ్వి పేరు నాలుగో వరుసలో. కింద చిన్న అక్షరాల్లో "మరియు మా టెస్టర్లందరికీ" అని ఉంది.

"మనది ఎక్కడుంది?" అన్నాడు దొడ్డప్ప.

"ఇంక ఎక్కించలేదేమో పెద్దాయనా, తర్వాత వేస్తరు" అన్నాను. నేను నిజంగా అలాగే అనుకున్నాను.

అమరేశన్న తన ఫోనులో ఆట తెరవబోయాడు. తెరుచుకోలేదు. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నాకు చూపించి, "ఏమంటది చెల్లె?" అని అడిగాడు. మోసం చేసినందుకు ఈ ఖాతాను శాశ్వతంగా నిషేధించాం అని ఉంది. అందరి ముందు ఆ మాట పైకి చదవలేక, నెట్ సరిగా లేదన్నాను.

రెండు రోజులకు అందరికీ తెలిసింది. విడుదల కాగానే చాలామంది ఆటలో మూటలు రెట్టింపు చేసుకోవడం మొదలుపెట్టారు. కంపెనీ ఆ తప్పును విడుదలకు ముందు సరిచేయనే లేదు. గోల లేచాక ఒక్క రాత్రిలో సరిచేసి, ఎవరి ఖాతాల నుంచి ఇలాంటి మూటలు పుట్టాయో యంత్రంతో వెతికించి, వాళ్ళను నిషేధించి, మోసగాళ్ళ పేర్లు అని ఒక జాబితా అందరూ చూసేలా పెట్టింది. మా ఖాతాలు తుడవలేదు కదా. అందరికంటే ఎక్కువ మూటలు పుట్టింది అమరేశన్న ఖాతా నుంచే. మొదటి పేరు అతనిదే. తీసుకున్న రంగవ్వను యంత్రం పట్టలేదు, ఇచ్చిన చేతినే పట్టింది.

కింద బ్లాక్ టైగర్, నైట్ కింగ్, ఇంకా ఎవరెవరో ఉన్నారు. వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. వాళ్ళ ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. పైన మాత్రం తండ్రి పేరు, ఊరు పేరుతో సహా ఒక నిజమైన మనిషి.

ఎవరో దాన్ని ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి ప్లాంటు కంట్రాక్టర్ల గ్రూపులోకి పోయింది. బస్టాండులో పోరగాళ్ళు దొడ్డప్పను "ఏం దొడ్డప్పా, ఉప్పు మూటలు ఏడ దాచినవ్?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయనకు ఫోను ఆటలు తెలియవు. ఒక పొద్దున మా కొట్టు తెరవకముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"రామలింగన్నా, మావోడు నీ కాడ ఉప్పు మూటలు తీస్కపోయిండా? నిజం చెప్పు. నేను మోసుకొచ్చి ఇస్త."

మా నాన్న కిందికి దిగి ఆయన పక్కన కూర్చున్నాడు. "ఉప్పు లేదు, మూట లేదు దొడ్డప్పన్నా. అదంత ఫోన్ల బొమ్మ."

"బొమ్మ మూట తీసినందుకు నిజం పేరు ఎందుకు రాస్తరు?"

 

కంట్రాక్టరు తరపున పని చూసే రమేష్‌బాబు గారిది సింధనూరు వైపు కాలువ క్యాంపు, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నవాళ్ళు కట్టుకున్న ఊరు. పెద్దమనిషే. అమరేశన్నను పిలిచి తాళంచెవి అడిగాడు. నేను కూడా వెంట పోయి నేను పంపిన రిపోర్టుల సంగతి చెప్పాను.

"చూడమ్మా, మావాణ్ణి నేను అనుమానించటం లేదు. కానీ పై ఆఫీసులో ఈ ఫొటో అందరూ చూశారు. సామానంతా ఉండే గది కదా. నువ్వు రాశానంటున్నావు, అది నీ మాట. ఆ సైటు కూడా మూసేశారంటున్నావు. ఆ గేమువాళ్ళే పొరపాటైందని ఒక్క ముక్క చెబితే చాలు, ఫోనులో చెప్పినా చాలు, తాళం మళ్ళీ నీ చేతిలో పెడతా అమరేశూ. అప్పటిదాకా బూడిద లారీల దగ్గరికి వెళ్ళు."

అమరేశన్న నడుముకున్న తాడు విప్పి ఇచ్చాడు. మరుసటి రోజు నుంచి బూడిద లారీల మీదికెక్కి టార్పాలిన్ కట్టే పని.

నేను పృథ్వి అన్నకు ఫోను చేశాను. అంతా విన్నాడు. "అయ్యో, యంత్రం చేసిన పని స్ఫూర్తి. నేను చూస్తాను. వచ్చే వారం మన కాలేజీలో నాకు సన్మానం పెట్టారు. అక్కడ మైకులోనే చెప్తాను, అమరేశప్ప మోసగాడు కాదు, మా టెస్టరు అని. అతన్ని తీసుకురా. వీడియో తీసి వాళ్ళ సారుకు చూపించు, సరేనా?"

అమరేశన్న సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చెవుల వెనక బూడిద ఇంకా పోలేదు. రాయచూరు దాకా బస్సులో సన్మానం అంటే ఏం చేస్తారు, తను స్టేజీ ఎక్కాలా, ఎక్కితే చెప్పులు విప్పాలా అని అడుగుతూ వచ్చాడు. హాల్లో ముందు వరుసలోనే కూర్చున్నాం. నేను ఫోను పట్టుకుని రికార్డింగుకు సిద్ధంగా ఉన్నాను.

పృథ్వి అన్న శాలువా కప్పుకుని మాట్లాడాడు. చిన్న ఊళ్ళ పిల్లలు పెద్ద కలలు కనాలని చెప్పాడు. విడుదల రోజు మోసగాళ్ళు ఆటను ఎలా నాశనం చేయబోయారో, తన బృందం ఒక్క రాత్రిలో ఎలా పట్టుకుందో చెప్పాడు. "ఇచ్చిన చెయ్యి ఖాళీ కావాలి. ఆ ఒక్క సూత్రంతో నేను తప్పు ఎక్కడుందో కనిపెట్టాను" అని కన్నడంలో అన్నాడు. హాలంతా చప్పట్లు.

అమరేశన్న కూడా కొట్టాడు. "నా మాటనే చెప్తున్నడు చెల్లె" అని సంతోషంగా నా చెవిలో అన్నాడు. "ఇప్పుడు పేరు చెప్తడు."

చెప్పలేదు. థాంక్యూ అని కూర్చున్నాడు.

మెట్ల దగ్గర పట్టుకున్నాను. చుట్టూ సెల్ఫీల కోసం పిల్లలున్నారు. వాళ్ళను దాటించి గోడ పక్కకు తీసుకుపోయాడు.

"అన్నా, చెప్తనంటివి గదా?"

"స్ఫూర్తి, అర్థం చేసుకో. విడుదలకు ముందే టెస్టర్లు ఈ తప్పు పట్టి ఇచ్చారని తెలిస్తే, మరి ఎందుకు సరిచేయలేదని అడుగుతారు."

"ఎందుకు సరిచేయలేదు?"

పిల్లల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పైకి పంపలేదు. పంపితే విడుదల వెనక్కి పోయేది. అంత మంది రేకుల గదిలోకి పోయి ఆడరులే అనుకున్నాను."

"అంటే నీకు తెలుసు. జాబితా పెట్టినప్పుడు కూడ తెలుసు."

"నా ఉద్యోగం పోతుంది స్ఫూర్తి. మా ఇంట్లో కూడా నేనే మొదట చదివింది. నీకు తెలియనిదా?"

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. మేమిద్దరం ఒకటే అని నమ్మి నేను ఇన్నాళ్ళు ఈయన చెప్పినవన్నీ చేశాను. ఇప్పుడు అదే మాట అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

అమరేశన్న ముందుకొచ్చి చేతులు జోడించాడు. నాకు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాలనిపించింది.

"సార్, నాకు ఆట వద్దు. రాయి మీద పేరు వద్దు. స్టేజీ మీద కూడ వద్దు. మా రమేష్‌బాబు సార్‌కు ఒక్క ఫోన్ చెయ్యండి. ఇట్ల పొరపాటైందని ఒక్క మాట. ఎవలకు తెల్వదు."

"తప్పకుండా. నంబరు చెప్పండి." పృథ్వి ఫోను తీసి నంబరు ఎక్కించుకున్నాడు. "కారులో కూర్చోగానే చేస్తాను." అమరేశన్న భుజం తట్టి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో అమరేశన్న నిలకడగా కూర్చోలేదు. "ఇప్పుడు చేసి ఉంటడా చెల్లె?" అంటాడు. కాసేపు ఆగి, "కార్ల సిగ్నల్ రాదేమో. ఊరు దాటినంక చేస్తడు" అంటాడు. సిగ్నలు లేకపోవడం ఎలా ఉంటుందో అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు. దిగగానే రమేష్‌బాబు గారి దగ్గరకు పోయాం.

"నాకేం రాలేదే" అన్నాడాయన. మా మొహాలు చూసి, "రేపు చేస్తాడేమోలే, ఉండండి" అని కూడా అన్నాడు.

రేపు కూడా రాలేదు. ఆ తర్వాత నేను చేస్తే పృథ్వి ఫోను కలవడమే లేదు. కంపెనీ నుంచి మాత్రం నాకొక మెయిలు వచ్చింది. బీటాలో చూసినవి బయట చెప్పకూడదని నేను ఒప్పుకున్న సంగతి గుర్తు చేస్తూ. అవును, ఒప్పుకున్నాను. మా వాళ్ళందరి చేతా ఒప్పించాను. రంగవ్వ ఫోనులో అయితే సరే నేనే నొక్కాను. ఎదురు పక్షం కూడా మాట నిలుపుకుంటుందనుకున్న రోజుల్లో ఇచ్చిన మాట అది.

రంగవ్వ ఆటను ఫోను నుంచి తీసేసింది. "మంచిగుందని మొదలే అని ఊకుంటే అయిపోయేది తల్లీ" అంటుంది. ఎవరైనా బండి దగ్గర ఉప్పు మూటల సంగతి ఎత్తితే వాళ్ళకు బజ్జీలు అమ్మదు. దొడ్డప్ప బస్టాండు వైపు పోవడం మానేసి, పొలం గట్ల మీదుగా చుట్టు తిరిగి వస్తున్నాడు.

మొన్న అమరేశన్న కొట్టుకు సబ్బు కోసం వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా బూడిద. నడుముకు తాడు మాత్రం ఇంకా ఉంది, దానికి ఏమీ లేదు.

"నామీద కోపం లేదా అన్నా?" అని అడిగాను.

"నీ మీదెందుకు? నిన్ను కూడ మోసం చేసిండ్రు." సబ్బు జేబులో పెట్టుకున్నాడు. "మా అప్ప ఒకటే అడుగుతుండు చెల్లె. తప్పు పట్టి ఇచ్చినోడి పేరు ఏడన్న రాస్తరా, రాయరా అని. నువ్వు సదువుకున్నవు గదా. వాళ్ళు రాయి మీద రాయలే. నువ్వన్న ఏడనో ఒకకాడ రాయి."

రాశాను. నాకు వేరే రాయి లేదు.

మీలో ఎవరైనా ఆ ఆట ఆడుతుంటే, పడవలోంచి ఒక మూట ఎవరికైనా ఇచ్చేటప్పుడు సిగ్నలు పోవచ్చు. తిరిగి వచ్చాక చూడండి, మీ పడవలో మూట ఉండదు. ఇచ్చిన చెయ్యి ఖాళీ అయి ఉంటుంది. అలా కావాలని మొదట అడిగిన మనిషిని ఆ ఒక్క క్షణం గుర్తు పెట్టుకోండి. పేరు పూర్తిగా గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఎవరో అనుకుంటారు. అమరేశప్ప, తండ్రి దొడ్డప్ప, దేవసూగూరు.